తీగ మీది అతిథులు



దసరా సెలవులు ముగిసినవి. బడులు మళ్ళీ తెరిచారు. చేలల్లో పసుపు నడుము ఎత్తుకు పెరిగినది. ఈశాన్యపు వానలు ఈ వారమో వచ్చే వారమో అని రైతులు తూర్పు వైపు మబ్బులు చూచుకొనుచున్నారు. సరిగ్గా ఈ వేళకే మన ఊళ్ళకు అతిథులు కొందరు వస్తారు. వారికి కాఫీ పెట్టనక్కరలేదు, చాప పరచనక్కరలేదు. వారు వచ్చినట్లు కూడ మనలో చాలామంది గమనించరు. వేల కిలోమీటర్లు దాటి మన వీధి తీగల మీద, మన వాకిటి చెట్ల మీద వాలే చిన్న పిట్టల గురించి ఈ మాసము రెండు మాటలు చెప్పాలనుకొన్నాము.

మేముండేది ఖాజీపేట. రైలు జంక్షను ఉన్న వరంగల్లు వైపు కాజీపేట కాదు. కడప నుండి మైదుకూరు పోయే దారిలో ఉన్న మన కడప జిల్లా ఖాజీపేట. ఒక ప్రక్క లారీలు ఆగని పెద్ద రోడ్డు, ఒక ప్రక్క కె.సి. కాలువ నీళ్ళతో పారే పొలాలు, తూర్పున లంకమల కొండలు. పక్షులను చూడాలంటే నేలపట్టుకో, కొల్లేరుకో ప్రయాణము కట్టాలని అనుకొంటాము. అక్కడి పెద్ద కొంగలను, గూడబాతులను చూడవలసినదే. కాని చిటికెన వ్రేలంత పిట్టలను చూచుటకు బస్సు ఎక్కనక్కరలేదు. ఉదయము ఆరున్నర గంటలకు చేతిలో గ్లాసు పట్టుకొని వాకిట నిలబడితే చాలును.

మొదట తలెత్తి కరెంటు తీగలను చూడండి. వరుసగా కూర్చొని, గాలి ఎటు నుండి వీస్తే అటే ముఖము పెట్టిన చిన్న పిట్టలు కనిపిస్తాయి. వీపు మీద మెరిసే నీలి నలుపు, గొంతు దగ్గర ఇటుక ఎరుపు, పొట్ట తెలుపు, రెండు పాయలుగా చీలిన తోక. ఇవి వానకోవెలలు. ఒక్కొక్కటి ఇరవై గ్రాముల బరువు ఉంటుంది. హిమాలయ ప్రాంతముల నుండి, ఆ పైన ఉత్తర ఆసియా దేశముల నుండి ఇవి దిగివస్తాయి. ఎగురుతూనే దోమలను, ఈగలను నోటితో పట్టుకొని తింటాయి. ఇటువంటి పిట్టలలో ఏడాది పొడుగునా మన దగ్గరే ఉండే రకాలు కూడ ఉన్నవి. అయితే ఈ మాసములో తీగ మీద ఉన్నట్టుండి గుంపు పెరిగిందంటే దూరపు చుట్టాలు వచ్చినట్టే.

మన తెలుగు బైబిలు చదివేవారికి ఈ పిట్ట క్రొత్తది కాదు. 84వ కీర్తనలో వానకోవెల అనే పేరు ఉన్నది. యెషయా 38వ అధ్యాయములోను, యిర్మీయా 8వ అధ్యాయములోను మంగలకత్తి పిట్ట అనే పేరు వచ్చును. చదువుకొనిపోతామే గాని ఆ పిట్ట ఏదని ఆగి చూడము. యిర్మీయా ప్రవక్త తన జనులను మందలించునప్పుడు వలస పక్షులనే సాక్షులుగా నిలబెట్టెను. వాటికి రావలసిన వేళ తెలియును, పోవలసిన వేళ తెలియును. అది ఊరకే అల్లిన పోలిక కాదు. పాలస్తీనా దేశము ఐరోపా, ఆసియా, ఆఫ్రికా ఖండములు కలిసే చోట ఉన్నది. ఏటా రెండు మార్లు లక్షల పక్షులు ఆ దేశపు ఆకాశము మీదుగా దాటిపోతాయి. ప్రవక్త మాట వినినవారు తలెత్తితే కనబడే దానినే ఆయన చూపించెను.

ఇక చెవి పెట్టి వినండి. వేప, చింత, మామిడి కొమ్మల్లో ఆకుల చాటు నుండి సన్నగా, చురుగ్గా, రెండు ముక్కలుగా విరిచినట్టు ఒక కూత వినిపిస్తుంది. ఆ కూత వేసే పిట్ట ఆకుపచ్చ రంగులో ఆకులోనే కలిసిపోతుంది. రెక్క మీద సన్నని తెల్ల గీత, కన్ను పైన కనుబొమ వంటి లేత గీత. బరువు ఎనిమిది గ్రాములకు అటూ ఇటూ. అంటే రెండు చెంచాల చక్కెర కూడ తూగదు. ఇంగ్లీషులో దీనిని గ్రీనిష్ వార్బ్లర్ అంటారు. హిమాలయాల్లోను, సైబీరియా అడవుల్లోను పిల్లలను పెంచుకొని, చలికాలము గడుపుటకు మన దక్షిణ దేశానికి వస్తుంది. ట్రెవర్ ప్రైస్ అనే పరిశోధకుడు మన తూర్పు కనుమల్లో ఈ పిట్టను శ్రద్ధగా గమనించి, చలికాలములో ఇది ఎలా బ్రతుకునో 1981లో ప్రకటించెను. ఒక్కొక్క పిట్ట కొన్ని చెట్లను తన పాలు అనుకొని, మరొక పిట్ట వస్తే తరుముతుంది. మన వాకిటి వేపచెట్టుకు ఇంటి పన్ను కట్టేది మనమైనా, అక్టోబరు నుండి ఏప్రిలు వరకు దాని హక్కుదారు మరొకరున్నారన్నమాట.

ఇంటి వెనుక కంచెలోనో, కాలువ గట్టు కంపలోనో నాలుక కొట్టినట్టు చక్, చక్ అని పలికే మట్టి రంగు పిట్ట ఇంకొకటి. ఇది బయటికి రానే రాదు. కూతను బట్టి తెలుసుకోవలసినదే. దానికి ఇంగ్లీషులో పెట్టిన పేరు బ్లిత్స్ రీడ్ వార్బ్లర్. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ మ్యూజియమును 1841 నుండి చూచుకొన్న ఎడ్వర్డ్ బ్లిత్ పేరు అది. ఫిన్లాండు దేశము మొదలు సైబీరియా దాక ఇవి గూళ్ళు పెట్టుకొంటాయి.

పసుపు ముద్దవలె మెరిసిపోతూ, రెక్కలకు నలుపు అద్దుకొని, మర్రిపండ్లకు వచ్చే వంగపండు పిట్టను చూచి ఉంటారు. అదీ ఉత్తరాది నుండి చలికాలానికి వచ్చేదే. కాలువ నీళ్ళ అంచున తోకను ఆపకుండ పైకీ క్రిందికీ ఆడించుకొంటూ నడిచే సన్నని పిట్టలలో కొన్ని రకాలు దూరము నుండి వచ్చినవే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడి నేలల్లో జొన్న కంకి పాలు పోసుకొన్నప్పుడు మబ్బువలె వచ్చి వాలే గులాబి గోరింకలను రైతులు బాగుగా ఎరుగుదురు. వాటి మీద రైతుకు కోపము ఉండుట న్యాయమే. అయితే అవే పిట్టలు తమ స్వదేశమైన మధ్య ఆసియాలో మిడతలను తిని బ్రతుకుతాయి. చైనా దేశపు షింజియాంగ్ ప్రాంతములో మిడతల బాధ తగ్గించుటకు వాటి కోసము రాళ్ళు పేర్చి గూళ్ళు కట్టి ఇచ్చారు. ఒక చోట దొంగ అనిపించుకొన్నది మరొక చోట కూలి లేకుండ పని చేసి పెట్టే జీతగాడు.

ఇంత చిన్న ప్రాణి ఇంత దూరము ఎలా వచ్చునని పెద్దలు పూర్వము నుండి తలలు బద్దలు కొట్టుకొన్నారు. వానకోవెలలు చలికాలములో బొరియల్లో నిద్రపోతాయని గ్రీకు పండితుడు అరిస్టాటిల్ వ్రాసెను. స్వీడన్ దేశపు బిషప్పు ఓలాస్ మాగ్నస్ 1555లో అచ్చయిన తన గ్రంథములో అవి నీళ్ళ అడుగున గడుపుతాయని వ్రాసెను. 1822లో జర్మనీలో ఒక కొంగ దొరికినది. దాని మెడలో ఆఫ్రికా వారి బల్లెము గ్రుచ్చుకొని ఉన్నది. ఆ గాయముతోనే అది ఖండము దాటి వచ్చినది. పక్షులు ఎక్కడికి పోవునో చెప్పుటకు అదొక సాక్ష్యమైనది. 1899లో డెన్మార్కులో మార్టెన్‌సెన్ అనే బడిపంతులు గోరింక జాతి పిట్టల కాళ్ళకు నంబరు గల అల్యూమినియము కడియాలు తొడిగి వదలెను. మన దేశములో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు, సలీం అలీ గారి నాయకత్వమున, 1959లో ఈ కడియాల పనిని పెద్ద ఎత్తున మొదలుపెట్టారు.

వారందరి పని వలన మనకు తెలిసినది ఇది. చిన్న పిట్టలలో చాలా రకాలు రాత్రి వేళ ప్రయాణము చేస్తాయి. రాత్రి గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది. డేగల భయము తక్కువ. పగలు దిగి తిని, సేదదీరుతాయి. దారి తెలుసుకొనుటకు సూర్యుని, నక్షత్రములను, భూమికి ఉన్న అయస్కాంత శక్తిని ఆధారము చేసికొంటాయి. బయలుదేరుటకు ముందు బాగుగా తిని ఒంట్లో కొవ్వు పట్టించుకొంటాయి. కొన్ని పిట్టల బరువు దాదాపు రెట్టింపవుతుంది. ఆ కొవ్వే వాటి దారిబత్తెము. చలికి భయపడి పారిపోయి వచ్చుట కాదు అసలు కారణము. మంచు పడితే అక్కడ పురుగు దొరకదు. ఇక్కడ వానలు పడి పురుగూ పండూ సమృద్ధిగా ఉంటవి. కూటి కొరకే ఈ పయనమంతా.

కూటి కొరకు పయనమన్నప్పుడు మన జిల్లావారికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. కడప జిల్లాలో కువైటుకు పోయినవారు లేని ఊరు అరుదు. మా వీధి మలుపులో ఒక అవ్వ ఉన్నది. ఆమె కూతురు అక్కడ ఒక ఇంట్లో పనికి ఉన్నది. రెండేండ్లకొక మారు వచ్చి, రెండు నెలలుండి పోవును. కిందటి ఏడు ఈ దినాల్లోనే అవ్వ మనుమడు తీగ మీది పిట్టలను ఫోనులో ఫొటో తీసి మేనత్తకు పంపినాడు. "ఇట్లాంటివే ఈడ గూడ తీగల మింద కూర్చున్నాయి రా" అని ఆమె బదులిచ్చినది. అవ్వ ఆ మాట విని, "అయితే పిట్టలు ఆ పిల్లను సూసి ఈడికొచ్చినాయేమో నాయనా" అన్నది.

అవి ఆ పిట్టలే కావని మాకు తెలుసును. అక్కడ కనిపించే వానకోవెలలు ఐరోపా వైపు నుండి, ఉత్తరము నుండి బయలుదేరి ఆఫ్రికాకు పోవుచు దారిలో దిగినవి. మన తీగ మీద వాలినవి వేరే దారిన వచ్చినవి. జాతి ఒకటే, గుంపులు వేరు. ఆ సంగతి అవ్వకు నెమ్మదిగా చెప్పాము. ఆమె విని, "ఏవైతేనేమి, ఆ పిల్ల గూడ తల ఎత్తి సూసింది గదా" అన్నది. దానికి మేము చేర్చవలసిన మాట ఏమియు లేకపోయెను.

ఆ అవ్వ ఇంటి ముందరే మేము చెప్పిన వేపచెట్టు ఉన్నది. ఈ ఏడు దాని మీద తగవు వచ్చినది. చెల్లెలు పంపిన డబ్బుతో అవ్వ కుమారుడు ముందరి వైపు ఒక గది కట్టాలనుకొన్నాడు. ఆమె శాశ్వతముగా తిరిగి వచ్చినప్పుడు తనదంటూ ఒక గది ఉండవలెనని అతని కోరిక. ఆ కోరికలో తప్పు లేదు. చెట్టు ఆకులు రాలి మురుగు కాలువ పూడిపోతుందని, గాలి వానకు కొమ్మలు తీగలకు తగిలి నిప్పురవ్వలు లేస్తున్నవని ఇరుగుపొరుగువారు చెప్పినదీ నిజమే. చెట్టు పైన ఉన్న ఎనిమిది గ్రాముల పిట్ట కొరకు మనిషి తన గదిని మానుకోవలెనా అని అతడు మమ్మును సూటిగా అడిగినాడు. అడగవలసిన ప్రశ్నే అది.

మేము పిట్ట కథతో అతనికి బదులు చెప్పలేదు. మేస్త్రీని పిలిచి కొలిపించాము. గోడను మూడడుగులు లోపలికి జరిపితే చెట్టు నిలుస్తుంది, గది మూడడుగులు తగ్గుతుంది. పడమటి ఎండ తగిలే గదికి ఆ వేప నీడ లేకపోతే ఏప్రిలు, మే మాసాల్లో మన కడప ఎండలకు లోపల ఉండుట కష్టమని మేస్త్రీయే అన్నాడు. తీగలకు తగిలే కొమ్మలను మాత్రము కరెంటు వారితో కొట్టించవచ్చును. మురుగు కాలువను నెలకొక మారు ఎత్తిపోయుటకు వీధిలోని నాలుగు ఇండ్లవారు ఒప్పుకొన్నారు. చెల్లెలితో మాట్లాడి, సంక్రాంతి తరువాత చెబుతానని అతడు అన్నాడు. ఏమి చెప్పునో మాకు తెలియదు. అంతవరకు గొడ్డలి పడదని మాత్రము మాట ఇచ్చినాడు.

ఇటువంటి చెట్టు తగవు ఇవ్వాళ ప్రతి ఊరిలోను ఉన్నది. రోడ్లు వెడల్పయిన చోటల్లా పాత చింతలు, వేపలు పోయినవి. పొలముల గట్లు నున్నగా చెక్కి కంపను కాల్చుచున్నారు. పురుగు మందు తగిలిన పురుగును తిన్న పిట్టకు కూడ ఆ విషము చేరును. వేల కిలోమీటర్లు దాటి వచ్చిన ప్రాణి చివరకు మన వాకిట పిల్లవాని రబ్బరు ఉండేలు దెబ్బకు పడిపోవుట కూడ చూచుచున్నాము. ఆ పిల్లవాడు చెడ్డవాడు కాదు. ఆ పిట్ట ఎక్కడ నుండి వచ్చినదో అతనికి ఎవరూ చెప్పలేదు.

చెబితే ఏమి జరుగునో నాగాలాండులోని వొఖా జిల్లా, పంగ్తి గ్రామము చూపించినది. ప్రతి అక్టోబరులో ఆముర్ డేగలనే చిన్న వేట పక్షులు సైబీరియా, ఉత్తర చైనా ప్రాంతముల నుండి దక్షిణ ఆఫ్రికాకు పోవుచు ఆ గ్రామము దగ్గర దోయాంగ్ జలాశయము యొద్ద దిగుతాయి. 2012లో అక్కడ వలలు కట్టి, రోజుకు 12 వేల నుండి 14 వేల పక్షులను పట్టి చంపుచున్నారని అంచనా వేశారు. ఆ దృశ్యములు చూచి లోకమంతా బాధపడినది. ఆ జనులు చాలమట్టుకు బాప్టిస్టు సంఘములకు చెందినవారు, పేదవారు, ఆ పక్షుల అమ్మకము మీద నాలుగు రూపాయలు చూచుకొన్నవారు. అటవీ శాఖవారు, పక్షి ప్రేమికులు, గ్రామ పెద్దలు, సంఘ పెద్దలు కలిసి ఇంటింటా చెప్పారు. మరుసటి ఏడు 2013లో వలలు లేవలేదు. ఆ నవంబరులో మూడు పక్షులకు చిన్న యంత్రములు కట్టి నాగా, పంగ్తి, వొఖా అని పేర్లు పెట్టి వదిలారు. చంపిన ఊరి పేరే పక్షికి పెట్టగా, ఆ పేరు మోసుకొని అది సముద్రము దాటినది. ఒక్క సంవత్సరములో జరిగిన మార్పు అది. మన రాయలసీమలో కూడ చిలమత్తూరు మండలములోని వీరాపురము గ్రామస్థులు తమ చెట్ల మీద గూళ్ళు కట్టే ఎర్రకాళ్ళ కొంగలను ఇంటి ఆడపడుచులవలె కాపాడుకొనుచు వచ్చారు.

మన ఇండ్లలో చేయదగినవి కొన్ని ఉన్నవి. ఖర్చు లేనివే చెప్పుచున్నాము. వెడల్పాటి మట్టి మూకుడులో రెండు వ్రేళ్ళ లోతు నీళ్ళు పోసి నీడలో పెట్టండి, రోజూ మార్చండి. కంచె కంపను కొట్టవలసి వస్తే ఒక్కసారే అంతా కొట్టక కొంత విడిచిపెట్టండి. రాత్రి పూట అవసరము లేని పెద్ద దీపములు ఆర్పండి. రాత్రి ప్రయాణము చేసే పిట్టలు వెలుతురుకు దారి తప్పుతాయి.

ఈ దినాల్లో ఒక్కొక్కసారి ఆకుపచ్చ, నీలము, పసుపు, ఎరుపు కలిసిన పొట్టితోక పిట్ట తెల్లవారుజామున వరండాలో సొమ్మసిల్లి పడి ఉంటుంది. హిందీలో దీనిని నవరంగ్ అంటారు. ఇది కూడ ఉత్తరాది నుండి రాత్రివేళ ప్రయాణము చేసి వచ్చేదే. కిందటి నవంబరులో మా వీధి ట్యూబులైటు క్రింద ఒకటి దొరకగా పిల్లలందరూ మూగినారు. ఒకరు నోట్లో నీళ్ళు పోయబోగా మేము ఆపాము. అలా పోస్తే నీరు ఊపిరి గొట్టములోనికి పోయి పిట్ట చనిపోవును. గాలి ఆడుటకు రంధ్రములు పెట్టిన అట్టపెట్టెలో మెత్తని గుడ్డ పరచి, దానిని లోపల ఉంచి, మూత వేసి, చీకటి గదిలో పిల్లిని రానీయకుండ పెట్టాము. సాయంత్రానికి లోపల గోకుడు వినిపించినది. పెట్టెను కంచె ప్రక్కకు తీసికొనిపోయి మూత తెరచితే, ఒక్క గంతు వేసి కంపలోనికి దూరినది. దానిని పంజరములో పెంచుకొందామని పిల్లలు అడిగినారు. అడవి పిట్టలను పట్టి పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. పైగా అది ఇంకా దారిలో ఉన్న ప్రయాణీకుడు. ఆ రెండవ కారణమే పిల్లలకు బాగా అర్థమైనది.

మరొక మాట. గోడకు తగిలించిన క్యాలెండరులో, మీ వీధి తీగ మీద వానకోవెలల గుంపును మొదట చూచిన తేదీ దగ్గర చిన్న గుర్తు పెట్టండి. మార్చి, ఏప్రిలు మాసాల్లో ఏ ఉదయమో తీగ ఖాళీగా కనిపించును. వెళ్ళొస్తామని చెప్పకుండనే అవి పోతాయి. ఆ తేదీ కూడ గుర్తు పెట్టండి. నాలుగైదు ఏండ్లు ఈ గుర్తులు పోగయితే, అతిథులు ముందు వచ్చుచున్నారో, ఆలస్యమగుచున్నారో, తగ్గిపోవుచున్నారో మీ ఇంటి గోడే చెప్పును. ఈ పని పిల్లలకు అప్పగిస్తే ఇంకా మంచిది. పెద్దలు మరచిపోతారు గాని పిల్లలు మరువరు. పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, బద్వేలు వైపు పాఠకులు తమ తమ ఊళ్ళలో మొదట చూచిన తేదీని ఒక కార్డు మీద వ్రాసి ఈ పేజీకి పంపితే, ఖాజీపేట తేదీతో కలిపి ప్రచురిస్తాము. మా తీగ మీద ఈ ఏడు మొదటి గుంపు సెప్టెంబరు ఆఖరు ఆదివారము ఉదయము కనిపించినది. ఇరవై మూడు పిట్టలు.